డెంటల్ స్కూల్ కోసం: క్లినిక్‌లో చూడటమా, పనిచేయటమా, ల్యాబ్‌కి వెళ్లటమా – ఏది మేలు?

ఇండియాలో బీడీఎస్ సీటుకు నీట్ ర్యాంకే లెక్క. ఖాళీ టైంలో ఏం చేశావని కౌన్సెలింగ్‌లో ఎవరూ అడగరు. అమెరికాలో దారి వేరు. ముందు డిగ్రీ, దానితోపాటు డాట్ అనే డెంటల్ ప్రవేశ పరీక్ష, ఆ తర్వాత ఆడ్‌సాస్ అనే ఉమ్మడి దరఖాస్తు. షాడోయింగ్, ఉద్యోగం, రీసర్చ్, వాలంటీర్ పని, ఎక్స్‌ట్రా కరిక్యులర్ అంటూ అందులో దేని గడి దానికి ఉంటుంది. ఒక్కో పనికి వారానికి సగటున ఎన్ని గంటలు, ఎన్ని వారాలు, ఎవరి కింద చేశారు అన్నవి నింపి, ఏం చేశారో 600 అక్షరాల్లో చెప్పాలి. ఎన్ని రాసినా అతి ముఖ్యమైనవిగా గుర్తు పెట్టుకోగలిగేది ఆరింటినే.

ఎంసెట్ రోజుల్లో పెరిగిన తల్లిదండ్రులకు ఈ గంటలు మార్కుల్లా కనిపిస్తాయి. పక్కింటి అబ్బాయికి 300 ఉంటే మనవాడికి 400 ఉండాలి! కానీ దరఖాస్తు చదివేవాళ్లు మొత్తం కంటే ముందు వారాల సంఖ్య చూస్తారు. ఒక్క వేసవిలో కుక్కిన 200 గంటల కంటే, రెండేళ్ల పాటు వారానికి మూడేసి గంటలు సాగిన పనికే విలువ ఎక్కువ. ఇంకో మాట: డెంటల్ స్కూళ్లలో చేరేవాళ్ల సగటు జీపీఏ నాలుగుకి 3.6 చుట్టుపక్కల ఉంటుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి గ్రేడ్ వచ్చిన సెమిస్టర్‌లో కొత్త క్లబ్బులో చేరడం కంటే ఉన్న క్లబ్బు మానేయడమే తెలివైన పని.

షాడోయింగా, అసిస్టెంట్ ఉద్యోగమా

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. షాడోయింగ్ అంటే డెంటిస్టు వెనక నిలబడి చూడటం. చాలా స్కూళ్లు 100 గంటల చుట్టూ ఆశిస్తాయి. వారానికి ఒక పూట, నాలుగు గంటల చొప్పున వెళ్తే 25 వారాల్లో అయిపోతుంది. ఇందులో కనీసం సగం జనరల్ డెంటిస్టు దగ్గరే గడపాలి. మిగతాది ఎండోడాంటిస్టు (రూట్ కెనాల్ నిపుణుడు), ఓరల్ సర్జన్, పిల్లల డెంటిస్టు దగ్గర పంచుకోవచ్చు. నాన్న స్నేహితుడు ఆర్థోడాంటిస్టు (పళ్ల వరుస సరిచేసే డాక్టరు) కదా అని వంద గంటలూ అక్కడే గడిపేస్తే, రోజువారీ డెంటిస్ట్రీ ఎలా ఉంటుందో తెలియకుండానే ఇంటర్వ్యూకి వెళ్లాల్సి వస్తుంది. క్రౌన్‌కి (పంటి తొడుగుకి) రెండు విజిట్లు ఎందుకు, మొదటి రోజు తాత్కాలికంగా ఏం పెడతారు, రూట్ కెనాల్‌కి పంటి చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పల్చటి రబ్బరు షీటు ఎందుకు వేస్తారు, ఇన్సూరెన్స్ చాలని పేషెంటుకి ఖర్చు సంగతి డాక్టరు ఏ మాటల్లో చెబుతారు అన్నవే గమనించాలి. ఆఖరిది చాలామంది పట్టించుకోరు. ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ సంగతులు మాత్రం ఎక్కువగా దొరికేది అక్కడే.

షాడోయింగ్‌లో లోపం ఒక్కటే. ముప్పై నలభై గంటల తర్వాత అదే ఫిల్లింగ్ మళ్లీ మళ్లీ చూస్తుంటారు, చేతులు ఖాళీగా ఉంటాయి. డాక్టరు రాసే సిఫార్సు లెటర్ కూడా “సమయానికి వచ్చాడు, మర్యాదస్తుడు” దగ్గర ఆగిపోతుంది. ఇంకేం రాయగలరు పాపం, వాళ్లు చూసింది అంతే.

అసిస్టెంట్ ఉద్యోగం ఈ లోటు తీరుస్తుంది. శనివారం ఎనిమిది గంటలు, వారం మధ్యలో ఒక సాయంత్రం నాలుగు గంటలు పనిచేస్తే 40 వారాలకు 480 గంటలు, జీతంతో సహా. డాక్టరు నోరు తెరిచి అడగకముందే పనిముట్టు అందించడం, నాలుక, బుగ్గ అడ్డు రాకుండా సక్షన్ పట్టడం నెలలోపు అలవాటవుతాయి. పళ్ల అచ్చు తీసే ఆల్జినేట్ పొడి కలపడమే చూడండి. నీళ్లు గోరువెచ్చగా ఉంటే గిన్నెలోనే గట్టిపడుతుంది, చల్లగా ఉంటే టైం దొరుకుతుంది. గిన్నె గోడకేసి నొక్కుతూ కలపకపోతే బుడగలు మిగిలి, సరిగ్గా పన్ను అంచు దగ్గరే గుంత పడుతుంది. తీసిన అచ్చును గాలికి వదిలేస్తే ఎండి కుంచించుకుపోతుంది, నీళ్లలో ముంచితే ఉబ్బుతుంది. అందుకే తడి పేపర్ టవల్ చుట్టి, వెంటనే అందులో స్టోన్ (గట్టి ప్లాస్టర్) పోయాలి. పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో ప్యాకెట్లు కుక్కేస్తే ఆవిరి తిరగదు, బయటికి తడిగా వస్తాయి. తడి ప్యాకెట్ శుభ్రమైనదని అనుకోవడానికి లేదు, సైకిల్ మళ్లీ నడపాల్సిందే. ఒక మెటీరియల్ ఎందుకు పాడైందో ఇలా చెప్పగలిగిన కుర్రాడు ఇంటర్వ్యూ గదిలో ఇట్టే తెలిసిపోతాడు.

చేరే ముందు తమ రాష్ట్రం నిబంధనలు చూసుకోవాలి. ఎక్స్‌రే తీయాలంటే చాలా రాష్ట్రాల్లో విడిగా సర్టిఫికెట్ కావాలి. హెపటైటిస్-బి టీకా రుజువు చాలా క్లినిక్కులు అడుగుతాయి. సిబ్బంది తక్కువైన క్లినిక్‌లో “ఈ శుక్రవారం కూడా రా” అనడం మామూలే. కాబట్టి మిడ్‌టర్మ్ వారాలు ఏవో చేరిన రోజే చెప్పేయాలి.

తీర్పు అడిగితే: ముందు 50 గంటలు షాడోయింగ్, ఆ తర్వాత ఉద్యోగం, ఉద్యోగం చేస్తూనే ఇతర స్పెషలిస్టుల దగ్గర మిగతా 50. అసిస్టెంట్‌గా 500 గంటలు ఉన్నా షాడోయింగ్ గడి ఖాళీగా వదలకూడదు. ఒకే గంటను రెండు గళ్లలోనూ వేయకూడదు.

అమెరికాలోని మన ఇళ్లలో చాలామందికి ఇక్కడో చిక్కుంది. అమ్మానాన్నల హెచ్-1బి మీద హెచ్-4 వీసాలో ఉన్న పిల్లలు జీతానికి పనిచేయకూడదు. ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారినా క్యాంపస్ బయట ఉద్యోగానికి విడిగా అనుమతి ఉండాలి. “జీతం తీసుకోను, ఊరికే చేస్తా” అన్నా కుదరదు. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేసినా దాన్ని ఉద్యోగంగానే చూసే ప్రమాదం ఉంది. వీళ్లకు మేలైన దారి షాడోయింగ్, స్వచ్ఛంద సంస్థ నడిపే ఉచిత క్లినిక్. ఎఫ్-1 వాళ్లకైతే క్యాంపస్‌లో వారానికి 20 గంటల లోపు ట్యూటర్ పని కూడా ఉంది. అన్నట్టు, కొన్ని స్టేట్ డెంటల్ స్కూళ్లు పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను తప్ప తీసుకోవు. గంటలు లెక్కపెట్టే ముందు స్కూళ్ల లిస్టు సరిచూసుకోవడం మంచిది.

రీసర్చ్ సంగతి

హార్వర్డ్, యూసీఎస్‌ఎఫ్ లాంటి చోట్లకు గురిపెట్టినవాళ్లకు అవసరం. మిగతావాళ్లకు ఇష్టముంటేనే. దంతాల మీదే చేయాలని లేదు, ఈగల మీదైనా సరే. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో, మీ చేత్తో చేసిన భాగం ఏదో రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. గాజు సామాను కడిగిన ఒక్క సెమిస్టర్‌ను రీసర్చ్ అని రాస్తే మొదటి ప్రశ్నకే పట్టుబడతారు. కనీసం రెండు సెమిస్టర్లు ఇవ్వలేకపోతే మొదలుపెట్టకండి.

వేసవిలో ఇండియా ఊరి క్లినిక్కా, అమెరికాలో వారాంతపు సేవా

విజయవాడలోనో వరంగల్‌లోనో మామయ్యగారి క్లినిక్ ఉంటుంది. సెలవులకు వెళ్లినప్పుడు నాలుగు వారాలు అక్కడ కూర్చుంటే బోలెడు గంటలు వస్తాయి. చూసి రావడంలో తప్పు లేదు, బాగుంటుంది కూడా. మామయ్య ముచ్చటపడి “ఈ పన్ను నువ్వు తియ్యరా” అన్నప్పుడే అసలు ప్రమాదం. ఇండియా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేనివాళ్లు దంతవైద్యం చేయకూడదు. విదేశాల్లో ప్రీ-డెంటల్ విద్యార్థులు పేషెంట్లకు స్వయంగా వైద్యం చేయకూడదని అమెరికా డెంటల్ విద్యాసంఘం ఏడీఈఏ కూడా స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది. “ఇండియాలో పన్నెండు పళ్లు తీశాను” అని గొప్పగా రాసుకున్న వాక్యమే దరఖాస్తును ముంచుతుంది. మత్తు ఇంజెక్షన్ అయినా, స్కేలింగ్ (పళ్ల గార తీయడం) అయినా ఇదే లెక్క. రాసేది షాడోయింగ్ కిందే రాయండి. మామయ్య లెటర్ మాత్రం వద్దు, బంధువుల మాటకు అక్కడ బరువుండదు.

దీనికి బదులు, 1985లో స్టాన్ బ్రాక్ మొదలుపెట్టిన రిమోట్ ఏరియా మెడికల్ సంస్థ అమెరికాలో నడిపే ఉచిత వైద్య క్యాంపుల్లో డాక్టర్లు కాని వాలంటీర్లకు కూడా పనుంటుంది. పార్కింగ్‌లో టోకెన్లు ఇవ్వడం, ఫారాలు నింపించడం, పేషెంటును కుర్చీ దాకా తీసుకెళ్లడం. పన్ను నొప్పితో తెల్లవారకముందే కార్లలో వచ్చి వరుస కట్టినవాళ్లను ఒక్క వారాంతం చూసినా, వైద్యం అందకపోవడం అంటే ఏమిటో అర్థమవుతుంది.

అయితే సేవ దంతాలకు సంబంధించే ఉండాలా? అక్కర్లేదు. సిలికానాంధ్ర మనబడి లాంటి వారాంతపు తెలుగు బడిలో రెండేళ్లు చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పారనుకోండి. బిక్కమొహం వేసుకున్న ఆరేళ్ల పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి మాటల్లో దించడం అక్కడ వచ్చేస్తుంది. వారం రోజుల విదేశీ మిషన్ ట్రిప్ కంటే దానికే ఓటు. పైగా ట్రిప్‌కు వేల డాలర్లు అవుతాయి.

చేతి పని

డాట్‌లోని పీఏటీ భాగం, 60 నిమిషాల్లో 90 ప్రశ్నలు, ఆకారాలు, కోణాలు కంటితో పోల్చే శక్తిని పరీక్షిస్తుంది గానీ చేతిని కాదు. కెనడా డాట్‌లో సబ్బు చెక్కే పరీక్ష ఉండేది. అమెరికాలో అలాంటిది లేదు కాబట్టి చేతి నేర్పు సంగతి మీరే చెప్పుకోవాలి. వీణ, వయొలిన్, మగ్గం వర్క్, గడియారాల రిపేరు, మైనం చెక్కడం, ఏదైనా పర్వాలేదు. దరఖాస్తు కోసం కొత్తగా గిటార్ కొనడం దండగ. చిన్నప్పటి నుంచి వాయిస్తున్న వీణను “అది మామూలే కదా” అని వదిలేయడం ఇంకా దండగ. కూచిపూడిని చేతి నేర్పు కింద సాగదీయకండి, ఏళ్ల తరబడి సాధనగానే రాయండి.

గంటల పుస్తకం

దరఖాస్తు మే నెలలో తెరుచుకుంటుంది. గుర్తున్నదాన్ని బట్టి అప్పుడు గంటలు రాసుకుంటూ కూర్చుంటే అంకెలు పొంతన తప్పుతాయి. మొదటి రోజు నుంచే ఒక షీట్‌లో తేదీ, గంటలు, డాక్టరు, చూసిన ప్రొసీజర్, ఒక ప్రశ్న రాసుకోండి. పేషెంటు పేరు, ఫొటో మాత్రం ఎక్కడా ఉండకూడదు. రాసేటప్పుడు అప్పటికి పూర్తయిన గంటలే వేయండి, చేయబోయేవి కాదు. సబ్మిట్ చేశాక కొత్త అనుభవం చేర్చవచ్చు గానీ పాతదాన్ని దిద్దలేరు. 600 అక్షరాల్లో “పేషెంట్ కేర్ మీద అవగాహన పెరిగింది” లాంటి వాక్యాలకు చోటు లేదు. “వారానికి రెండు పూటలు సక్షన్ పట్టాను, రోజుకు ఆరేడు అచ్చులు పోశాను, స్పానిష్ మాత్రమే వచ్చిన పేషెంట్లకు జాగ్రత్తలు వివరించాను” అంటే పని కళ్లకు కడుతుంది. డాట్ రాసే రెండు మూడు నెలల్లో కొత్త పనేదీ మొదలుపెట్టకండి, ఉన్నదాన్నే వారానికి ఒక పూటకు తగ్గించి నడపండి.