చుట్టతో నాలుగున్నరేళ్ళు: నీలి నాలుక నలికిరి పెంపకం, నా అనుభవం

దానికి 'చుట్ట' అని పేరు పెట్టింది మా అమ్మ. లావుగా, గోధుమరంగులో, పొట్టి కాళ్ళతో, అడ్డపొగ పీల్చే ముసలమ్మ చేతిలో చుట్టలాగే ఉంటుంది మరి. అసలు పేరు బ్లూ టంగ్ స్కింక్, నీలం నాలుకుండే ఒక రకం బల్లి. మన పెరట్లో కట్టెల కింద తళుక్కున జారిపోయే నలికండ్ల పాముకి, అంటే నలికిరికి, దూరపు బంధువు. 2021 ఫిబ్రవరిలో విశాఖలో కొని విజయనగరం తెచ్చినప్పుడు జానెడుండేది. ఇప్పుడు మూర దాటింది, 540 గ్రాములు తూగుతోంది. "పెరట్లో ఊరికే తిరిగేదాన్ని డబ్బులు పోసి కొన్నావేటిరా?" అని అమ్మ ఆ రోజే అడిగింది. ఎంత పోశానో ఇక్కడ కూడా రాయను, ఇంట్లో వాళ్ళు చదువుతారు.

జంతువుకి నా మార్కులు పదికి తొమ్మిది. అమ్మిన ఆయనకి రెండు. ఆ రెండు కూడా బిల్లు ఇచ్చినందుకు.

ఆయన దీన్ని ఆస్ట్రేలియా జాతి అని అమ్మాడు. పొడి వాతావరణం కావాలి, తేమ 40 శాతం దాటనివ్వకండి, అడుగున న్యూస్ పేపర్ వేస్తే చాలు అన్నాడు. నేను నమ్మాను. నమ్మి, దాదాపు ఏడాది పాటు అలాగే పెంచాను. 2022 జనవరిలో కుబుసం విడిచాక కుడి ముందు కాలి వేలొకటి చివర మట్టి అంటుకున్నట్టు కనిపించింది. పట్టించుకోలేదు. అది మట్టి కాదు. పాత కుబుసం ఊడకుండా వేలికి ఉంగరంలా బిగుసుకుపోయింది. తర్వాతి కుబుసానికి దాని మీద ఇంకో పొర చేరింది. రక్తం ఆడక వేలి చివర నల్లబడి, వేరుశెనగ పొట్టులా ఎండిపోయింది. ఒక రోజు పొద్దున్నే నీళ్ళు మారుద్దామని చెయ్యి పెడితే గిన్నె పక్కన గోరుతో సహా ఊడి పడి ఉంది. బియ్యపు గింజంత కూడా లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో!

అప్పుడు మొదలుపెట్టాను ఫోటోలు పోల్చి చూడటం. మా చుట్టకి ముందు కాళ్ళు దాదాపు నలుపు. ఆస్ట్రేలియా ఉత్తరాన ఉండే రకానికి కాళ్ళు లేత రంగులో ఉంటాయి. ఇలా నల్ల కాళ్ళుండేది ఇండోనేషియా, న్యూగినీ దీవుల జాతి. వర్షారణ్యాల తేమలో బతికే ఈ జాతికి 60 నుంచి 80 శాతం తేమ కావాలి. మా పెట్టెలో హాలోజెన్ బల్బు వేడికి తేమ మీటరు 38 శాతమే చూపించేది. బయట సముద్రపు గాలి, లోపల ఎడారి. కొనబోయేవాళ్ళు ముందు కాళ్ళ రంగు చూడండి, ఆ తర్వాతే అమ్మేవాడి మాట వినండి.

పేపరు తీసేసి కొబ్బరి పొట్టు వేశాను. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. ఉద్దానం కొబ్బరికి పుట్టిల్లు లాంటిది, నర్సరీల్లో పొట్టు బస్తాలకు బస్తాలు దొరుకుతుంది. ఎరువు కలపనిది అడిగి తీసుకోండి. ఉప్పు పోయేదాకా రెండు మూడుసార్లు నానబెట్టి పిండి, నాలుగంగుళాల మందాన పరిస్తే చుట్ట అందులో మెడ దాకా కూరుకుపోయి పడుకుంటుంది. ఒక మూల తడి కొబ్బరి పీచు నింపిన బోర్లా కుండ పెట్టాను. కుబుసం టైమొస్తే దానంతట అదే అందులోకి పోతుంది. అప్పటి నుంచి మిగతా వేళ్ళన్నీ భద్రంగా ఉన్నాయి. ఎక్కడైనా పొర మిగిలితే గోరువెచ్చని నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచి, దూదితో మెల్లగా రుద్దితే వస్తుంది. పొడిగా ఉన్నప్పుడు లాగొద్దు.

పెట్టె నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. వడ్రంగి ముందు చెప్పుల స్టాండు అనుకున్నాడు, తర్వాత టీవీ స్టాండు అనుకున్నాడు. ఒక చివర బల్బు కింద నున్నటి నాపరాయి, దాని మీద 36 డిగ్రీల దాకా వేడి. రెండో చివర 26, 27. ఈ తేడా ఉండాల్సిందే, ఎందుకంటే దానికి ఒళ్ళు వేడెక్కితేనే తిన్నది అరుగుతుంది, ఎక్కువైతే చల్లటి వైపు పోవాలి. యూవీబీ ట్యూబు, అంటే అతినీలలోహిత కిరణాలిచ్చే లైటు, కూడా పెట్టాలి. నేను మొదట్లో డబ్బు మిగిలిందనుకుని పెట్టెను కిటికీ పక్కన పెట్టాను. గాజు ఆ కిరణాల్ని ఆపేస్తుందట, ఎండ తగిలినా ఉపయోగం లేదు. అవి లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారు కాదు, కాల్షియం పట్టదు, ఎముకలు మెత్తబడి వంకర్లు పోతాయి. ట్యూబు వెలుగుతున్నా ఏడాది తిరిగేసరికి పస తగ్గుతుంది, మార్చాలి. కరెంటు మాత్రం భయపడేంత కాదు. 75 వాట్ల బల్బు, 24 వాట్ల ట్యూబు రోజుకి పది గంటలు, నెలకి ముప్ఫై యూనిట్లు.

యూట్యూబ్ వీడియోలన్నీ చలి దేశాల వాళ్ళవి. వాళ్ళకి ఎంతసేపూ వేడి చెయ్యడం గొడవే. మన గొడవ దానికి తలకిందులు. మే నెలలో మా మేడ మీద గది బల్బు వెయ్యకుండానే 37కి పోతుంది. అప్పుడు పెట్టెలో చల్లటి వైపు అనేదే ఉండదు. మొదటి వేసవిలో చుట్ట నోరు తెరుచుకుని గాజుకి ముక్కు ఆనించి నిలబడితే ముచ్చటగా ఉందని ఫోటో తీశాను. ఇప్పుడా ఫోటో చూస్తే సిగ్గేస్తుంది. అది ముద్దు కాదు, ఉడికిపోతోంది. ఆ సాయంత్రమే కింది గదిలోకి, ఉత్తరం గోడ పక్కకి మార్చాం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బల్బు పొద్దున్న మూడు గంటలే, చల్లటి మూల తడి మట్టి పెంకు.

కరెంటు లేని రోజులకి కూడా ఒక పద్ధతి కావాలి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మా వీధిలో రెండు రోజులు చీకటి. పాపం ఆకలేస్తుందేమోనని కొవ్వొత్తి వెలుగులో కోడిగుడ్డు పెట్టబోయాను. తెలిసినతను ఫోన్‌లో ఆపాడు. వేడి లేనప్పుడు తిండి పెడితే కడుపులోనే కుళ్ళుతుంది, నాలుగు రోజులు పస్తుంటే దానికేం కాదు అన్నాడు. పెద్దది కాబట్టి సరే, చిన్నపిల్ల అయితే నాలుగు రోజులు కూడా లెక్కే. పెట్టె మీద దుప్పటి కప్పి వదిలేశాం. అది పేపర్ల కింద దూరి నిద్రపోయింది, నిద్ర పట్టనిది మాకే.

తిండి విషయంలో పేచీ లేదు. వారానికి రెండుసార్లు. సగం కూరలు: గుమ్మడి, బీన్స్, ములగాకు, మందార పూలు. మిగతాది ఉడికించిన గుడ్డు, చికెన్, పిల్లుల డబ్బా తిండి. పైన కాల్షియం పొడి. అప్పుడప్పుడు బొప్పాయి ముక్క, దానికైతే పరిగెత్తుకొస్తుంది. పాలకూర, గోంగూర పెట్టను, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. ఉల్లిపాయ, అవకాడో అసలు వద్దు. వానాకాలం సాయంత్రాలు కిటికీలు మూసేస్తాను, ఎందుకంటే కొన్ని రకాల మిణుగురు పురుగుల్లో బల్లి జాతిని చంపే విషం ఉంటుంది. డిసెంబరు, జనవరిలో తిండి బాగా తగ్గిస్తుంది. మొదటిసారి మూడు వారాలు ముట్టకపోతే టెన్షన్ పడిపోయాను. వంటింటి త్రాసు మీద వారం వారం తూచితే పది గ్రాములు కూడా తగ్గలేదు.

చీమలు వేరే కథ. చికెన్ ముక్క మిగిలితే అరగంటలో బారు కడతాయి. చాక్‌పీసు గీతలూ మందు కొట్టడాలూ కుదరవు, ఆ మందు దీనికీ విషమే. అమ్మ పాత పద్ధతి చెప్పింది: వెనకటికి పాల గూటికి పెట్టినట్టు స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు. ఇంటర్నెట్ అంతా వెతికినా ఇంత మంచి సలహా దొరకలేదు. దోమల గుడ్లు పడకుండా నీళ్ళు రెండు రోజులకోసారి పారబోస్తాను.

డాక్టరు దొరకడం అసలు కష్టం. వేలు ఊడినప్పుడు ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే బల్ల మీద పెట్టగానే వెనక్కి జరిగి, "ముందు ఇది కరవదని రాసివ్వండి" అన్నారు. ఆయన తప్పేం లేదు, ఆయన రోజూ చూసేది గేదెల్ని. ఇప్పుడు ఏదైనా అయితే గుడ్డ సంచిలో పెట్టి 60 కిలోమీటర్లు విశాఖ వెళ్తాం. కొనే ముందే ఆ డాక్టరు నంబరు సంపాదించి పెట్టుకోండి.

కరుస్తుందా అంటే, నన్ను ఒక్కసారి పట్టుకుంది, వేళ్ళకి బొప్పాయి వాసన ఉండగా. విషం లేదు, కానీ నత్త గుల్లలు పగలగొట్టే దవడలవి, గుర్తుండిపోయింది. బెదిరితే ఒళ్ళు ఉబ్బించి, బుస కొట్టి, నోరు తెరిచి నీలం నాలుక మొత్తం బయటపెడుతుంది. నాలుక వెనక భాగం పక్షులూ పాములూ చూడగల అతినీలలోహిత కాంతిలో ఇంకా ఎక్కువ మెరుస్తుంది, చివరి నిమిషంలో శత్రువుని అదరగొట్టడానికి. ఒకసారి డాబా మీద పొద్దుటెండకి వదిలితే పక్కింటి మావయ్య గారు ఆ నాలుక వేషం చూసే అవకాశం కూడా ఇవ్వలేదు. "రక్తపింజరర్రా!" అని కర్ర పట్టుకుని గోడ దూకేశారు. నేను అడ్డంగా పడుకోవాల్సి వచ్చింది. ఇప్పుడాయనే వాళ్ళ మందార పూలు కోసిస్తారు. అయినా చుట్టని డాబా మీద ఒంటరిగా వదలను.

సిరిమాను పండగ రోజు ఇంటి నిండా చుట్టాలే. పిల్లలందరికీ ఇదే వింత. పట్టుకున్న ప్రతివాళ్ళూ సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే, సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా ఉంటుంది. ఐదేళ్ళలోపు పిల్లలకి దూరం నుంచే చూపిస్తాను. దీని మీద మా వదినకి కొంచెం కోపం వచ్చింది, రానివ్వండి.

కాగితాల సంగతి. ఆస్ట్రేలియా తన బల్లుల్ని వ్యాపారానికి బయటికి పంపనివ్వదు, కాబట్టి "అక్కణ్ణుంచే తెప్పించాం" అంటే అది అబద్ధమైనా కావాలి, దొంగ రవాణా అయినా కావాలి. పుట్టిన చోటు రాసిన బిల్లు అడగండి. సైటిస్ (వన్యజీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) జాబితాలోని విదేశీ జీవి ఇంట్లో ఉంటే 2024 ఫిబ్రవరి నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మీకు అమ్మే జాతి ఆ జాబితాలో ఉందో లేదో డబ్బు కట్టకముందే అటవీ శాఖలో కనుక్కోండి. ఇదంతా తలనొప్పి అనుకుని పెరట్లో నలికిరిని పట్టి పెట్టెలో పెట్టే ఆలోచన మాత్రం వద్దు, దాన్ని కట్టెల కిందే ఉండనివ్వండి.

ఇవి పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతాయి. మా బావమరిది స్నేహితుడొకతను చుట్టని చూసి మురిసిపోయి తనూ కొంటానన్నాడు. మే నెల మధ్యాహ్నం మూడింటికి మీ గదిలో ఎంత వేడి ఉంటుందో థర్మామీటరు పెట్టి చూసి చెప్పమన్నాను. ఇంకా చెప్పలేదు.