మూడు బెల్లులు, ఒకటే ఇంటిపేరు

ఇటలీలోని నేపుల్స్‌లో మేం బుక్ చేసుకున్న బిల్డింగ్ గుమ్మం దగ్గర పద్నాలుగు కాలింగ్ బెల్లులున్నాయి. అందులో మూడింటి పక్కన ఎస్పోజితో అనే రాసుంది. ఓనరమ్మ మెసేజ్‌లోనూ అంతే: ఎస్పోజితో బెల్ నొక్కండి. రెండు పెట్టెలు, జూలై ఎండ. మొదటి బెల్లుకి ఒక పెద్దాయన నిద్రలేచి తిట్టాడు, తిట్టే అనుకుంటున్నా. రెండోదానికి ఎవరూ పలకలేదు. మూడోది మాది.

గది శుభ్రంగానే ఉంది. కానీ నాలుగో అంతస్తు, పేజీలో ఉందని రాసిన లిఫ్ట్ లేదు. సిటీ టాక్స్ విడిగా, క్యాష్‌లోనే అడిగారు. రాత్రి రెండింటి దాకా కింద స్కూటర్ల గోల. స్టేషన్‌కి నడిచిపోవచ్చు, ఆ ఒక్కదానికే మార్కులు. ఆవిడ మాత్రం మంచి మనిషి. మీరంతా చుట్టాలా అని మా ఆవిడ అడిగితే నవ్వేసి, "ఎవరికీ ఎవరం కాం, అందుకే ఆ పేరు" అంది. అది ఆవిడ పుట్టింటి పేరట. అక్కడ పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. పాస్‌పోర్టులో పేరు మార్పించడానికి పడ్డ తిప్పలు తలుచుకుని మా ఆవిడ నావైపు ఓ చూపు చూసింది.

మర్నాడు ఆవిడ చెప్పిన చోటికి, ఫోర్చెల్లా పేటలోని అనున్‌త్సియాతా అనే పాత అనాథాశ్రమానికి వెళ్ళాం. పక్కనున్న చర్చి 1757లో కాలిపోతే వాన్విటెల్లి అనే వాస్తుశిల్పి మళ్ళీ కట్టాడు. అది గొప్పగా ఉంటుంది గానీ మేం వెళ్ళింది గోడలో ఉన్న ఒక కన్నం కోసం. దాని వెనక గుండ్రంగా తిరిగే చెక్క తొట్టె ఉండేది. పెంచలేని తల్లి రాత్రిపూట బిడ్డను అందులో పెట్టి తిప్పితే, లోపలివాళ్ళు తీసుకునేవాళ్ళు. పెట్టిన చెయ్యి ఎవరిదో లోపలివాళ్ళకి కనపడదు. బిడ్డకి స్నానం చేయించిన తొట్టి లోపలి గదిలో ఇంకా ఉంది. ఒంటిమీద బట్టలేంటి, పుట్టుమచ్చలేంటి అని రిజిస్టర్‌లో రాసి, ఇంటిపేరు దగ్గర ఎస్పోజితో అని పెట్టేవాళ్ళు. బయట వదిలేసిన అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. జనం మాత్రం వాళ్ళని మడొన్నా, అంటే మేరీమాత, పిల్లలు అనేవాళ్ళు. 1810లలో అక్కడ రాజుగా ఉన్న మురా, నెపోలియన్ చెల్లెలి భర్త, ఆ ఇంటిపేరు పెట్టొద్దన్నాడు. అప్పటికే ఉన్నవాళ్ళ సంతానం పెరుగుతూనే ఉంది. ఇవాళ నేపుల్స్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఇంటిపేరు అదే. 1889లో మార్గెరీటా రాణికి పిజ్జా చేసి దానికి రాణి పేరే పెట్టాడని చెప్పుకునే వంటవాడు కూడా రఫాయెలె ఎస్పోజితోయే.

పిజ్జా అంటే గుర్తొచ్చింది. నాలుగడుగుల్లోనే 1870 నాటి దా మికేలె ఉంది. నంబర్ చీటీ తీసుకుని నలభై నిమిషాలు రోడ్డు మీద నిలబడ్డాం. అమ్మకి చీజ్ పడదు కాబట్టి మరీనారా చెప్పాం: టమాటా, వెల్లుల్లి, ఒరేగానో, నూనె, అంతే. పచ్చడన్నం తిన్నంత తృప్తిగా తింది.

ఫ్లోరెన్స్‌కి ఫాస్ట్ ట్రైన్‌లో సుమారు మూడు గంటలు. ముందు బుక్ చేసుకుంటే సగం ధర, మేం చేసుకోలేదు. అక్కడి గది చిన్నదైనా లిఫ్ట్ ఉంది, నిద్ర పట్టింది.

ఇన్నొచెంతి ఆసుపత్రి కూడా వదిలేసిన పిల్లల ఆశ్రమమే, బ్రునెల్లెస్కీ అనే వాస్తుశిల్పి 1419లో మొదలుపెట్టిన కట్టడం. డబ్బు పట్టు వర్తకుల సంఘానిది. 1445 ఫిబ్రవరి 5న మొదటి పాపను తీసుకున్నారు, అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. క్రీస్తు పుట్టినప్పుడు హేరోదు రాజు చంపించాడని బైబిల్ చెప్పే పసివాళ్ళ పేరు మీద కట్టింది కాబట్టి ఇక్కడి పిల్లల్లో చాలామందికి ఇన్నొచెంతి అనే ఇంటిపేరు వచ్చింది. చేసిన పని ఒక్కటే. ఒక ఊరు వదిలేసినవాడంది, ఇంకో ఊరు పాపమెరుగనివాడంది. నాకు ఫ్లోరెన్స్ గుమాస్తాలే నచ్చారు.

మ్యూజియంలో చిన్న చిన్న సొరుగులుంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో బిడ్డ పేరు. ఒకటి లాగితే సగానికి కోసిన పతకం. రెండో సగం తల్లి దగ్గర. ఎప్పటికైనా వస్తే అతికించి చూపించాలి కదా. అమ్మ ఆ సొరుగు మూయకుండా చాలాసేపు నిలబడింది. తర్వాత పైన, ఒకప్పుడు బట్టలు ఆరేసిన వసారాలో ఉన్న కాఫీ షాపులో కూర్చున్నాం. డ్యూమో, అంటే ఊరి పెద్ద చర్చి, గోపురం చక్కగా కనిపిస్తుంది. ఆ రోజు ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఒక్క చోటికే టైముంటే ఫ్లోరెన్స్ చూడండి, అన్నీ వివరంగా పెట్టారు. నేపుల్స్‌లోది పావుగంట పని. కానీ మనసులో మిగిలింది నాకు ఆ కన్నమే.

తిరుగు విమానం మిలాన్ నుంచి. అక్కడి పెద్దాసుపత్రి గుర్తు పావురం, ఇటాలియన్‌లో కొలొంబా. అక్కడ వదిలేసిన పిల్లలకి కొలొంబో అని రాసేవాళ్ళు. ఆ పేరున్న ప్రతివాళ్ళూ అలా వచ్చినవాళ్ళే కారు, అది వేరే సంగతి. హోటల్ రిసెప్షన్‌లో కుర్రాడి బ్యాడ్జీ మీద కొలొంబో అని ఉంది. అడగాలని నోటిదాకా వచ్చింది. చెకౌట్ ఎన్నింటికి అని మాత్రం అడిగాను.