నాలుగు కాయిళ్లూ మార్చేద్దాం అంటే డబ్బు కట్టకండి: బెంగళూరు గూడ్స్ బండ్ల వాళ్లకు జాగ్రత్త

బెంగళూరులో పెట్రోలు, సీఎన్‌జీ గూడ్స్ బండ్లు నడుపుకునే మనవాళ్ల చేత ఒకే పద్ధతిలో డబ్బు ఖర్చు పెట్టిస్తున్నారు. బండి అప్పుడప్పుడు మిస్ కొడుతుంది, అంటే ఏదో ఒక సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకోదు. ఖాళీగా తిరిగినంతసేపు బాగానే ఉంటుంది. లోడు వేసుకుని హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో, చిత్తూరు నుంచి వస్తూ మొగిలి ఘాట్‌లోనో జర్కులిస్తుంది, ఇంజన్ లైటు నాలుగుసార్లు మిణుకుమని ఆరిపోతుంది. షెడ్డుకు తీసుకెళ్తే స్కానర్ పెట్టిన రెండో నిమిషంలోనే తీర్పు వచ్చేస్తుంది: "కాయిళ్లు వీక్ అయ్యాయన్నా, నాలుగూ మార్చేద్దాం, పనిలో పని ప్లగ్గులు కూడా." కాయిల్ అంటే మంటకు కావలసిన హై వోల్టేజి తయారుచేసేది, ప్లగ్గు అంటే ఆ వోల్టేజితో సిలిండర్‌లో మంట పుట్టించేది. మార్చాక బండి నున్నగా పోతుంది. కొన్ని వారాలకు మళ్లీ మిస్, ఈసారి ఇంకో సిలిండర్‌లో. అప్పుడు "ఈసీఎం పోయింది" అంటారు, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్. అసలు ఖర్చు అక్కడ మొదలవుతుంది.

ఇందులో కిటుకు ఏమిటంటే, మొదటిసారి మిస్ పోయింది చాలా వరకు కాయిళ్ల వల్ల కాదు, కొత్త ప్లగ్గుల వల్ల. ప్లగ్గు వాడేకొద్దీ ఎలక్ట్రోడ్ అరిగి గ్యాప్ పెరుగుతుంది. గ్యాప్ పెరిగిన కొద్దీ మంట దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. లోడు మీద సిలిండర్ నిండా గాలి పట్టి ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి ఆ అవసరం ఇంకా ఎక్కువ. అందుకే ఖాళీ బండిలో కనిపించని మిస్ ఎత్తు ఎక్కేటప్పుడు బయటపడుతుంది. కొత్త ప్లగ్గు పడగానే గ్యాప్ తగ్గుతుంది, దాంతో నాసిరకం కాయిల్ కూడా నెట్టుకొస్తుంది. వేడికి దాని లోపలి ఇన్సులేషన్ చిట్లాక అసలు రంగు తెలుస్తుంది. ప్లగ్గులూ కాయిళ్లూ ఒకేసారి మార్పిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. మెకానిక్‌కు కావలసింది కూడా అదే.

సీఎన్‌జీ బండ్లలో ఇది ఇంకా ముదురుతుంది. గ్యాస్ మిశ్రమాన్ని అంటించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. కాబట్టి కాయిల్, ప్లగ్గు బలహీనపడితే ముందు గ్యాస్ మీదే మిస్ వస్తుంది, పెట్రోలుకు మార్చగానే సర్దుకుంటుంది. ఇది చూపించి గ్యాస్ కిట్టు మీద పడేవాళ్లున్నారు. తప్పు కిట్టుదా, మంటదా అన్నది కింద చెప్పే అదలాబదలీ పరీక్షలో తేలుతుంది. అది చెయ్యకుండా గ్యాస్ ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ విప్పనివ్వకండి.

షెడ్డులో అడుగు పెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట: "కోడ్ చెరపొద్దు." కోడ్ అంటే తప్పు కనిపించినప్పుడు బండి కంప్యూటర్ రాసుకునే నంబరు. అది పడినప్పుడు ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఎన్ని ఆర్‌పీఎం, ఎంత లోడు అన్నది ఫ్రీజ్ ఫ్రేమ్ అనే రికార్డులో నిలిచి ఉంటుంది. కోడ్ చెరిపితే అదీ పోతుంది. అప్పుడప్పుడు వచ్చే మిస్‌కు ఇంతకు మించిన సాక్ష్యం లేదు. స్క్రీన్‌ను మీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 రెండోది, అలా పి0304 దాకా. పి0300 అంటే ఏ ఒక్క సిలిండర్ అని తేలని మిస్. పి0300 ఒక్కటే ఉంటే నాలుగు కాయిళ్లూ ఒకేసారి చచ్చాయని కాదు. నాలుగింటికీ ఉమ్మడిగా ఉండేదాన్ని, అంటే ఇంధనం ప్రెషర్, గాలి లీకు, ఎర్త్, బ్యాటరీ సప్లయి చూడాలని.

కోడ్ పడకపోయినా దారి ఉంది. కాన్ లైను (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైరింగ్) ఉన్న బండ్లలో స్కానర్ మోడ్ 06 (బండి తనకు తాను చేసుకున్న పరీక్షల ఫలితాలు) చూపిస్తే, ఏ2 వరుస ఒకటో సిలిండర్‌ది, ఏ3 రెండోది, ఏ5 నాలుగోది. ఈ ట్రిప్పులో ఎన్ని మిస్‌లు పడ్డాయో అందులో ఉంటుంది. ఒక సిలిండర్ దగ్గర వందల్లో, మిగతా వాటి దగ్గర సున్నా ఉంటే ఇంకేం కావాలి?

ఇప్పుడు అదలాబదలీ. ప్లగ్గు మీదే కాయిల్ కూర్చునే బండి అనుకుందాం, కోడ్ పి0302. రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడులో, మూడుది రెండులో పెట్టించండి. ఇంకేదీ ముట్టుకోవద్దు. కాయిళ్ల మీద మార్కర్‌తో నంబర్లు వెయ్యండి. ఫొటోలు తీసుకున్నారు కాబట్టి ఇప్పుడు కోడ్ చెరపొచ్చు. ఆ తర్వాత ఇంజన్ బాగా వేడెక్కాక, లోడుతో, మిస్ వచ్చే ఎత్తు మీదే నడపాలి. షెడ్డు ముందు ఐడ్లింగ్‌లో పెట్టి "చూడు, బాగుంది" అంటే ఒప్పుకోవద్దు. కోడ్ పి0303కి మారితే కాయిల్‌దే తప్పు, ఆ ఒక్కటే కొనండి. కోడ్ రెండులోనే ఉండిపోతే కాయిల్ నిర్దోషి. తర్వాత ప్లగ్గును అలాగే మార్చి చూడండి, ఆ తర్వాత ఇంధనం చిమ్మే ఇంజెక్టర్‌ను. మూడూ మార్చినా మిస్ కదలకుండా, గ్యాస్ మీద మాత్రమే వస్తూ ఉంటే అప్పుడు గ్యాస్ ఇంజెక్టర్, లో ప్రెషర్ ఫిల్టర్ చూడాలి. బంకు కంప్రెషర్ ఆయిల్ గ్యాస్‌తో పాటు వచ్చి అక్కడ జిగురులా పేరుకుంటుంది. ఒకే కాయిల్ రెండు ప్లగ్గులకు మంట ఇచ్చే రకమైతే మిస్ జంటగా వస్తుంది: 1, 4 లేదా 2, 3. జంటలో ఒక్కటే మిస్ అయితే ముందు ప్లగ్గునో, వైరునో అనుమానించండి.

కాయిల్ చెడిందని నమ్మించడానికి మల్టీమీటర్ నాటకం ఒకటుంది. పిన్నుల మధ్య మీటర్ పెట్టి "చూడన్నా, రీడింగే లేదు" అంటారు. ప్లగ్గు మీద కూర్చునే మూడు, నాలుగు పిన్నుల కాయిళ్లలో చాలావాటి లోపల ఇగ్నైటర్ సర్క్యూట్ (కాయిల్‌ను ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) ఉంటుంది. అలాంటి కాయిల్ ప్రైమరీ వైండింగ్ (బ్యాటరీ కరెంటు వెళ్లే తీగ చుట్ట) బయటి నుంచి మీటర్‌కు దొరకదు, కొత్త దానికైనా అంతే. కావాలంటే షాపులో సీలు విప్పిన కొత్తదాని మీద అదే మీటర్ పెట్టమనండి. రెండు పిన్నుల కాయిల్‌కు రీడింగ్ వస్తుంది. కానీ చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించిన కాయిలే వేడెక్కాక తెగొచ్చు. మీటర్ బాగుందన్నా, బాగోలేదన్నా అదలాబదలీ పరీక్ష చెయ్యాల్సిందే.

ఇంజన్ నడుస్తుండగా కాయిల్ పీకి "ఏ సిలిండర్ చచ్చిందో చూస్తా" అనేవాళ్లను ఆపండి. మంట లేని సిలిండర్‌లోకి పెట్రోలు పడుతూనే ఉంటుంది. అది కాలకుండా పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి దాన్ని కరిగిస్తుంది. చూడాలంటే ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూడాలి. తీసినా ఇంజన్ చప్పుడు మారలేదంటే చచ్చిన సిలిండర్ అదే. ఇంజన్ లైటు ఆగకుండా మిణుకుతుంటే అర్థం కూడా ఇదే, కన్వర్టర్ వేడెక్కిపోతోందని. అప్పుడు ఘాట్‌లో లోడు లాగించకండి. కన్వర్టర్ ధర ముందు కాయిల్ ధర చిల్లర.

కాయిల్ నిజంగానే పోయినా, ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది వెయ్యకండి. ప్లగ్గు గొయ్యిలోకి టార్చి కొట్టి చూడండి. అడుగున ఆయిల్ ఉంటే వాల్వ్ కవర్ కింది సీలు రింగులు పోయాయి. ఆయిల్‌కు ప్లగ్గును కప్పే రబ్బరు బూటు మెత్తబడి కరెంటు పక్కకు దూకుతుంది, కొత్త కాయిల్‌కూ అదే గతి. ప్లగ్గు పింగాణీ మీద పెన్సిల్ గీత లాంటి నల్ల చార ఉంటే అది మంట పక్కదారి పట్టిన జాడ. తుడిచి పెడితే లాభం లేదు, బూటు, ప్లగ్గు రెండూ మార్చాలి. వానాకాలం పొద్దున్నే మిస్ కొట్టే బండ్లలో తరచు దొరికేది ఇదే. చీకట్లో ఇంజన్ నడుపుతూ కాయిళ్ల చుట్టూ స్ప్రేయర్‌తో సన్నగా నీళ్లు చల్లితే నీలం మెరుపు కనిపిస్తుంది. చెయ్యి మాత్రం దూరంగా పెట్టండి.

కనెక్టర్ లాక్ ముక్క విరిగినా గతుకుల్లో మిస్ వస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో కనెక్టర్‌ను మెల్లగా కదిపి చూడటానికి పైసా ఖర్చు లేదు. సీఎన్‌జీ బండ్లలో ఎగ్జాస్ట్ వాల్వు సీటు అరిగి టాపెట్ గ్యాప్, అంటే వాల్వు మీద వదిలే సందు, బిగుస్తుంది. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోక వేడి మీద కంప్రెషన్ జారుతుంది, బండి చల్లారాక మళ్లీ మామూలే. దీన్ని కాయిల్ అనుకునేవాళ్లే ఎక్కువ. కంప్రెషన్ గేజ్ పెట్టినప్పుడు సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతం దాటితే కాయిళ్ల మాట పక్కన పెట్టండి. నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఇంజన్ మొత్తం ఆగి, ఆర్‌పీఎం ముల్లు సున్నాకు పడితే అది మిస్ కాదు, ఇంజన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్ చూడాలి.

ఇక కొనడం. బెంగళూరులో స్పేర్ పార్టులు అమ్మే జేసీ రోడ్డులో అసలుదీ దొరుకుతుంది, అదే డబ్బాలో నకిలీదీ దొరుకుతుంది. డబ్బా, హాలోగ్రామ్ నమ్మొద్దు, సరుకు చూడండి. ప్లగ్గు వాషర్‌ను వేళ్లతో తిప్పి లాగండి. అసలుదానికి వాషర్ మరల మీద నుంచి ఊడి రాదు, నకిలీ వాటిలో చాలావాటికి వచ్చేస్తుంది. నడిమి ఎలక్ట్రోడ్ సరిగ్గా మధ్యలో ఉందా, మరలు నున్నగా ఉన్నాయా చూడండి. పాత ప్లగ్గు నంబరు చెబితే "సేమ్ నంబరు, వేరే కంపెనీ" అని ఇస్తారు. ఇక్కడ పెద్ద తేడా ఉంది: ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో నంబరు పెరిగితే ప్లగ్గు చల్లనిది, బాష్, ఛాంపియన్‌లలో నంబరు పెరిగితే వేడిది (చల్లనిది అంటే వేడిని త్వరగా వదిలేది, వేడిది అంటే పట్టి ఉంచేది). అంకె చూసి కొంటే లోడు మీద ముందే మండే ప్లగ్గో, సిటీ ట్రాఫిక్‌లో మసి పట్టే ప్లగ్గో చేతికొస్తుంది. గ్యాప్ మాన్యువల్ ప్రకారం ఉందా అని సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూపించమనండి. బిగింపు 14 మి.మీ. ప్లగ్గుకు 25–30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. దానికి 15–20. టార్క్ రెంచ్ లేకపోతే కొత్త 14 మి.మీ. ప్లగ్గును చేత్తో ఆగేదాకా తిప్పి, ఆపైన అర నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. మరలకు ఆయిల్ రాయనివ్వకండి.

బిల్లు విషయంలో మొహమాటం వద్దు. "గ్యారంటీ ఇదె గురూ" (గ్యారంటీ ఉంది గురూ) అన్న నోటిమాట గ్యారంటీ కాదు. పార్ట్ నంబరు, బండి నంబరు, జీఎస్టీ ఉన్న బిల్లే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి స్పేర్ పార్టుల మీద జీఎస్టీ 18 శాతమే, ఇంకా 28 అని లెక్కవేస్తే అడగండి. "కమర్షియల్ బండి కదా, కన్స్యూమర్ కోర్టు మీకు వర్తించదు" అని బెదిరిస్తే భయపడకండి. పొట్టకూటి కోసం స్వయంగా నడుపుకునే బండికి కొన్న సరుకును 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార అవసరం కింద లెక్కించదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి, మీరు ఉంటున్న చోటే వెయ్యొచ్చు.

తీసేసిన పాత కాయిళ్లను మాత్రం షెడ్డులో వదలకండి. నాలుగూ మార్పించుకున్నా అందులో మూడు మంచివే అయ్యుండొచ్చు, తుడిచి ఇంకొకరి బండికి వేస్తారు. మీరు వేసిన మార్కర్ నంబర్లు చూసి లెక్కపెట్టి తెచ్చుకోండి. పరీక్షలో నెగ్గిన ఒకటి సీటు కింద పడేసి ఉంచితే, ఈసారి ఘాట్‌లో మిస్ వచ్చినప్పుడు అదలాబదలీ అక్కడే చేసుకోవచ్చు.