మూలపేట గుడి, పల్లిపాడు ఆశ్రమం, ఒక దిక్కుమాలిన లాడ్జి

"శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా" అన్న బోర్డు చదివి, ఎనిమిదేళ్ల మా చిన్నది అడిగిన మొదటి ప్రశ్న: "ఆయన అంత పొట్టిగా ఉండేవాడా?" అత్తయ్య నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. పొట్టి అన్నది ఇంటిపేరని, 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టారని చెప్పాను. ఆ నవ్వు లాడ్జి మెట్లెక్కేదాకానే.

రోజుకు 1,900 చొప్పున రెండు రోజులకు ఫ్యామిలీ రూము, డబ్బులు ఆన్‌లైన్‌లో ముందే కట్టేశాం. ఎప్పుడు దిగినా రూము ఇస్తామని యాప్‌లో ఉంది. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ఊగి, పొద్దున్నే సామాను మోసుకుంటూ వెళ్తే కౌంటరు మనిషి తల కూడా ఎత్తలేదు. "అది ఆ యాప్ వాళ్లు రాసుకున్నదమ్మా, మాకు పన్నెండు గంటలకే" అన్నాడు. ఇప్పుడే కావాలంటే 600 అట. పిల్లలిద్దరికీ చెరో పరుపు, ఒక్కోటి 350 అట. పరుపులు మేం అడగలేదు మొర్రో అంటే, "మనుషులు ఎక్కువున్నారు కదా" అని వేలుపెట్టి లెక్కపెట్టాడు. గొడవంటే పడని మావారు అక్కడున్న పేపరు విప్పి అందులో మొహం దాచుకున్నారు. అత్తయ్యకు కాళ్లు పీకుతున్నాయి. 600 కట్టాను, పరుపుల దగ్గర వాదించి ఒకదానికే ఇచ్చాను. మొత్తం 950 నగదుగా తీసుకుని, రసీదు అడిగితే మెషీన్ పాడైందన్నాడు. పైకెళ్తే దిండు గలీబుకు ఎవరిదో తలనూనె వాసన. వేడి నీళ్లు ఏడున్నరకే బంద్. యాప్‌లో కనిపించే ఫొటోలు నమ్మొద్దు, ముందురోజు ఫోన్ చేసి రూము ఎన్ని గంటలకిస్తారో వాళ్ల నోటితోనే చెప్పించుకోండి.

అసలు వెళ్లింది పెద్దాడి కోసం. ఏడో తరగతి. ప్రత్యేక రాష్ట్రం కోసం శ్రీరాములు గారి 58 రోజుల దీక్ష, 1952 డిసెంబర్ 15న మరణం, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం, ఇవన్నీ వాడికి కంఠతా వచ్చు. ఆయన చనిపోయింది మద్రాసులో కదా, నెల్లూరులో ఏముంది అని వాడి సందేహం. అందుకే మొదట మూలపేట వేణుగోపాలస్వామి గుడికి తీసుకెళ్లాం. ఆటోకు 100 అడిగితే 80కి ఒప్పుకున్నాడు.

గుడి ప్రశాంతంగా ఉంది, దర్శనం పది నిమిషాల్లో అయింది. బయటికొచ్చి గోడ నీడన కూర్చున్నాక చెప్పాను: ఒకప్పుడు దళితులను ఈ గుడిలోకి రానిచ్చేవాళ్లు కాదు. వాళ్లనూ రానివ్వాలని శ్రీరాములు గారు 1946లో నిరాహార దీక్ష పట్టారు. రాష్ట్రం కోసం చేసినదానికి ఆరేళ్ల ముందు మాట ఇది. ఆ తర్వాతే వాళ్లకు గుడి తలుపులు తెరుచుకున్నాయి. తర్వాత కూడా చెప్పుల్లేకుండా, ఎండలో గొడుగైనా లేకుండా, నినాదాలు రాసిన అట్టలు మెళ్లో వేసుకుని ఈ ఊరి వీధుల్లోనే తిరిగేవారు.

"పిల్లలకెందుకమ్మా ఇవన్నీ" అని అత్తయ్య గొణిగారు. ఆవిడ పుట్టిల్లు ఇక్కడికి దగ్గర్లోని పల్లెటూరే. పెద్దాడు ఊరుకోలేదు. "మీ ఊళ్లో కూడా అట్లానే ఉండేదా నానమ్మా?"

ఆవిడ చాలాసేపు కొబ్బరిచిప్ప చేతిలో తిప్పుతూ ఉండిపోయారు. "మా చేలో పన్జేసేటాయన దాహమంటే గ్లాసు ఇచ్చేవాళ్లు కాదబ్బయ్యా. దోసిలి పట్టేవాడు. పైనించి చెంబుతో నేనే పోసేదాన్ని. నాకప్పుడు నీ అంత వయసు."

"నువ్వెందుకు అట్లా పోశావు?"

"అందరూ పోశారు. నేనూ పోశాను."

నా పెళ్లయిన పదిహేనేళ్లలో ఆవిడ నోట ఈ సంగతి వినడం అదే మొదలు. ఆ పూట ఆవిడ సరిగా తినలేదు. చేపల పులుసు భోజనం 220, మామిడికాయ ముక్కలు వేసి నిన్న కాచినట్టు ఊరిన పులుసు. మావారు రెండుసార్లు వడ్డించుకున్నారు. కారం దోసె మాత్రం పిల్లలకు వద్దు, మా చిన్నది నాలుగు గ్లాసులు మజ్జిగ తాగింది.

మర్నాడు పల్లిపాడు, ఆపైన మైపాడు బీచి, కారు 1,800. పెన్న ఒడ్డున ఉన్న పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీ ప్రారంభించారు. స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మ. ఆవిడే నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. పిల్లలకు కాళ్లు చాపుకుని మాట్లాడుకునేంత ఖాళీ, చెట్ల నీడ ఉన్నాయి. సముద్రానికి ముందే ఇక్కడికి వెళ్లండి, తడిసిన పిల్లలు చరిత్ర వినరు.

అక్కడే చిన్నది నన్ను ఇరికించింది. "నేను అన్నం మానేస్తే తిడతావు కదా, ఆయన మానేసి చచ్చిపోతే మంచోడంటావేం?" ఆయన పోయాక ఊళ్లు భగ్గుమన్నాయని, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారని, డిసెంబర్ 19న నెహ్రూ రాష్ట్రం ఇస్తామని ప్రకటించారని మావారు చెప్పుకుంటూ పోయారు. అది అడిగినదానికి జవాబు కాదని దానికీ తెలుసు. "నాలుగు రోజుల ముందే ఇస్తామని ఉంటే సరిపోయేది కదా" అంది. నా దగ్గరా జవాబు లేదు. మైపాడులో అలలు చూశాక మళ్లీ ఆ ఊసెత్తలేదు.

బయల్దేరే రోజు ఏడింటికే లేచినా కుళాయిలో వేడి నీళ్లు లేవు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కాసేపటికి చిన్నది కనబడలేదు. వెతుక్కుంటూ కిందికెళ్తే కౌంటరు ముందు నిలబడి ఉంది. 240 పెట్టి కొన్న మలై కాజాల పెట్టె మూత చించి, జడ రిబ్బనుతో మెళ్లో కట్టుకుంది. దానిమీద స్కెచ్ పెన్నుతో "వేడి నీల్లు ఇవ్వండి".

"ఏంది పాపా ఇది?"

"పొట్టి శ్రీరాములు గారు ఇట్లానే తిరిగేవాళ్లంట."

అతను నవ్వలేదు. పది నిమిషాల్లో రెండు బకెట్లు పొగలు కక్కుతూ పైకొచ్చాయి. వెళ్లేటప్పుడు చేతిలో బిల్లు పెట్టాడు: వేడి నీళ్లు, 2 బకెట్లు, 40 రూపాయలు. ఈసారి మెషీన్ శుభ్రంగా పనిచేసింది.