మాక్ ఇంటర్వ్యూ ప్యాకేజీ కొనేముందు జాగ్రత్త: రిపోర్ట్ పేరుతో అందరికీ ఒకే కాగితం పంపుతున్నారు

మాక్ ఇంటర్వ్యూల (అసలు ఇంటర్వ్యూకు ముందు సాధన కోసం చేసే నమూనా ఇంటర్వ్యూల) ప్యాకేజీకి డబ్బు కట్టబోతున్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. ఎవరి గురించో చాలామందికి పేరు చెప్పకుండానే తెలిసిపోతుంది, కాబట్టి రాయడం లేదు. ప్రకటన మీరూ చూసే ఉంటారు: కొన్ని సెషన్లు కలిపి ఒక ప్యాకేజీ, ఇంటర్వ్యూలు చేసి అనుభవమున్నవాళ్ళే ప్యానెల్, ప్రతి సెషన్‌కీ రికార్డింగ్, దాంతోపాటు "మీకోసమే తయారుచేసిన విశ్లేషణ రిపోర్ట్". డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. సెషన్లు జరిగాయి, రిపోర్ట్ కూడా వచ్చింది.

ఆ రిపోర్ట్‌ను అదే ప్యాకేజీ తీసుకున్న ఇంకొకరి రిపోర్ట్ పక్కన పెట్టి చూస్తే బండారం బయటపడింది. ఒకరు డేటా అనలిస్ట్ ఉద్యోగానికి, మరొకరు సేల్స్ ఉద్యోగానికి తయారవుతున్నారు. ప్రశ్నలు వేరు, మాట్లాడిన మాటలు వేరు. రిపోర్ట్‌లు మాత్రం ఒకటే. "కమ్యూనికేషన్ బాగుంది. ఆత్మవిశ్వాసం ఇంకాస్త పెంచుకోవాలి. ఉదాహరణలు స్పష్టంగా ఇవ్వాలి." పేరు, తేదీ తప్ప ఒక్క అక్షరం మారలేదు. ఒక మాటలో ఉన్న అచ్చుతప్పు కూడా రెండింట్లోనూ అదే చోట ఉంది. స్కోర్లు కూడా అవే.

ఇదేమిటని అడిగితే క్షమాపణ రాలేదు. "అందరూ చేసే తప్పులు అవే కదా, కొత్తగా ఏం రాయమంటారు? ఇలా వాదించే స్వభావం ఉన్నవాళ్ళను ఏ ప్యానెల్ తీసుకుంటుంది?" అన్నారు. ఈ రెండో మాటను క్షమించలేను. ఉద్యోగం వస్తుందో రాదో అన్న బెంగతో వచ్చిన మనిషికి సరిగ్గా ఆ బెంగనే చూపించి నోరు మూయించడం అది. డబ్బు పోవడం కన్నా ఇదే ఎక్కువ హాని చేస్తుంది. ఆ మాట విన్నవాళ్ళు తమలోనే ఏదో లోపం ఉందనుకుని ఊరుకుంటారు, ఆ ధీమాతోనే వీళ్ళు ఇంకొకరికి అదే కాగితం పంపుతారు. సరే, రికార్డింగ్ అయినా ఇవ్వమంటే "పాలసీ ఒప్పుకోదు" అన్నారు. ప్రకటనలో ఇస్తామని రాసింది వాళ్ళే. ఆ తర్వాత అడిగినవాళ్ళను వాళ్ళ చాట్ గ్రూప్‌లోంచి తీసేశారు.

రిపోర్ట్ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ప్రశ్నలకు లోటు లేదు, ఉచితంగానే దొరుకుతాయి. అద్దం ముందు నిలబడి జవాబు చెప్పుకోవడం ఎవరైనా చేయగలరు. డబ్బు పెట్టి కొనేది ఒక్కటే: నేను అన్న ఏ మాట దగ్గర ఎదుటివాళ్ళకు అనుమానం వచ్చిందో, ఏ మాట దగ్గర నమ్మకం కుదిరిందో చెప్పే బయటి మనిషి చెవి. అది లేని మాక్ ఇంటర్వ్యూ ఉత్త కాలక్షేపం. పైగా తప్పుడు ఫీడ్‌బ్యాక్ నష్టం కూడా చేస్తుంది. ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన ప్రయోగాలను కలిపి 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. సగటున మేలే కనిపించినా, మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పనితీరు తగ్గింది. చూపు పని మీదినుంచి మనిషి మీదికి మళ్ళినకొద్దీ ఫలితం పలచబడుతుందని వాళ్ళు వివరించారు. "మీలో ఆత్మవిశ్వాసం తక్కువ" అన్నది సరిగ్గా అలాంటి మాటే. అది విని రేపు ఉదయం ఏం మార్చుకోవాలి? ఏమీ తెలియదు, దిగులు మాత్రం మిగులుతుంది.

నిజమైన రిపోర్ట్ ఇలా ఉంటుంది: "12వ నిమిషంలో ప్రాజెక్ట్ ఆలస్యం గురించి అడిగాను. నాలుగు నిమిషాలు మాట్లాడారు. అందులో మూడు నిమిషాలు నేపథ్యానికే పోయాయి. 'మేము సరిచేశాం' అన్నారు, అందులో మీ పని ఏదో తెలియలేదు. ఫలితం చెప్పలేదు, నేను రెండోసారి అడగాల్సి వచ్చింది. 5కి 2." ఇది చదివితే చేయాల్సిన పని చేతికి వస్తుంది. నేపథ్యం రెండు మూడు వాక్యాలకు కుదించాలి, "మేము" అన్నచోట "నేను" చేసింది విడదీసి చెప్పాలి, చివర్లో ఫలితం చెప్పే ఒక అంకె ఉండాలి. పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అన్న వరుస చాలామందికి తెలిసిందే. దాన్లో మొదటి రెండింటికే సమయం తినేసి, చేసిన పని దగ్గరికి వచ్చేసరికి హడావుడి పడటం మామూలుగా జరిగే తప్పు. జవాబు మొత్తం రెండు నిమిషాల్లో ముగిస్తే, అందులో సగానికి పైగా చేసిన పనికే ఇవ్వాలి.

అందుకే డబ్బు కట్టేముందు ఖాళీ స్కోర్ షీట్ చూపించమని అడగండి. అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే. సరిగ్గా పనిచేసేవాళ్ళ దగ్గర ఒక్కో అంశానికి 1 నుంచి 5 వరకు కొలమానం ఉంటుంది, ఏ మార్కుకు ఎలాంటి జవాబు సరిపోతుందో పక్కన రాసి ఉంటుంది. "సమస్య పరిష్కారం: 4" అని ఊరికే వేస్తే దానికి అర్థం లేదు. "కారణం కనుక్కోకుండా పరిష్కారంలోకి దూకితే 2, రెండు దారులు పోల్చి ఒకటి ఎందుకు ఎంచుకున్నారో చెబితే 4" అని ఉంటే అర్థం ఉంది. మార్కు కూడా ఆ జవాబు అయిన వెంటనే పడాలి. చివర్లో కూర్చుని అన్నిటికీ కలిపి వేస్తే, మొదట పడిన మంచి అభిప్రాయమో చెడ్డ అభిప్రాయమో అన్ని గడుల్లోకీ పాకిపోతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త థార్న్‌డైక్ 1920లోనే సైనికాధికారులు తమ కింది వాళ్ళకు వేసిన మార్కుల్లో ఇది చూపించాడు. అన్ని గడుల్లోనూ ఒకే అంకె కనిపిస్తే రిపోర్ట్ చదవకుండానే అనుమానించండి.

రెండోది, మీరు వెళ్ళబోయే ఉద్యోగ ప్రకటనను, మీ రెజ్యూమెను కనీసం ఒకరోజు ముందు అడిగారా లేదా చూడండి. అవి చదవకుండా కూర్చున్న మనిషి అందరినీ అడిగే పది ప్రశ్నలే అడుగుతాడు. ఫాలో-అప్ ప్రశ్నలు రావు. అసలు ఇంటర్వ్యూలో మనిషి తడబడేది అక్కడే: "ఆ దారే ఎందుకు ఎంచుకున్నారు? అది విఫలమై ఉంటే ఏం చేసేవారు? ఆ అంకె ఎలా లెక్కించారు?" ఒక్కో జవాబు మీద కనీసం రెండు మూడు ఫాలో-అప్‌లు పడకపోతే ఆ మాక్ మిమ్మల్ని దేనికీ సిద్ధం చేయదు. బట్టీపట్టిన జవాబు మొదటి ప్రశ్నకు నిలబడుతుంది, రెండోదానికి కూలుతుంది.

గంట సెషన్ అంటే గంటసేపూ ప్రశ్నలు అనుకోకండి. 40 నుంచి 45 నిమిషాలు మధ్యలో ఆపకుండా ఇంటర్వ్యూ, మిగతా 15 నిమిషాలు చర్చ ఉండాలి. ప్రతి జవాబు తర్వాత ఆగి సలహా ఇచ్చేవాళ్ళు దగ్గరుండి నేర్పిస్తున్నట్టు కనిపిస్తారు గానీ, అసలు ఇంటర్వ్యూలో ఒక జవాబు చెడ్డాక వెంటనే తేరుకుని తర్వాతిదానికి వెళ్ళడం అనే అలవాటును పోగొడతారు. కోడింగ్ ఇంటర్వ్యూ అయితే, అసలు రోజున ఆటోకంప్లీట్ (మొదలుపెట్టిన కోడ్‌ను దానంతట అదే పూరించే సౌకర్యం) లేని ఎడిటర్ ఇచ్చే అవకాశం ఉంటే మాక్ కూడా అందులోనే జరగాలి. ఆలోచన బయటికి చెబుతూ రాయడం కూడా మార్కుల్లో ఉండాలి.

రెండో సెషన్‌లో అవే ప్రశ్నలు మళ్ళీ అడిగి "చూశారా, ఎంత మెరుగయ్యారో" అని చూపించడం ఇంకో మాయ. అవే ప్రశ్నలకు ఎవరైనా మెరుగవుతారు. అవే అంశాలు, వేరే ప్రశ్నలు, అదే స్కోర్ షీట్: ఇలా పోలిస్తేనే మార్పు తెలుస్తుంది. సెషన్‌కూ సెషన్‌కూ మధ్య మూడు నాలుగు రోజులైనా ఉండాలి, లేకపోతే చెప్పింది సరిచేసుకునే వ్యవధే ఉండదు. వరుసగా రోజూ పెట్టి ప్యాకేజీ ముగించేస్తామంటే అది వాళ్ళ సౌకర్యం, మీది కాదు.

"అసలు ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలే ఇస్తాం" అన్నవాళ్ళ దగ్గరికి అసలు పోవద్దు. అబద్ధమైతే డబ్బు పోతుంది. నిజమైతే ఎవరో గోప్యత ఒప్పందం దాటి తెచ్చినవి, పట్టుబడితే పోయేది మీ అవకాశం. మీ బదులు ఇంకొకరు మాట్లాడతారనో, చెవిలో జవాబులు అందిస్తామనో అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి.

కొనకపోయినా నష్టం లేదు. ఉద్యోగం వెతుకుతున్న ఇద్దరు కలిస్తే చాలు. ఒకరి ప్రకటన ఇంకొకరు చదివి, ఆరు అంశాలు, ఒక్కో అంశానికి ఒక ప్రశ్న రాసుకుని, ఫోన్‌లో రికార్డ్ చేస్తూ అడగండి. తర్వాత రికార్డింగ్ విని మూడే లెక్కపెట్టండి: ఒక్కో జవాబు ఎన్ని నిమిషాలు, "మేము" ఎన్నిసార్లు, ఫలితం అంకెతో చెప్పింది ఎన్నిటికి. ఆ కాపీ రిపోర్ట్‌లో దీనిలో పదో వంతు సమాచారం కూడా లేదు.

ఇప్పటికే కట్టేసినవాళ్ళు మీ రిపోర్ట్‌ను ఇంకొకరి రిపోర్ట్‌తో పోల్చి చూడండి. ప్రకటన, చాట్, చెల్లింపు రసీదు అన్నిటికీ ఇవాళే స్క్రీన్‌షాట్లు తీసుకోండి, గ్రూప్‌లోంచి తీసేశాక అవి దొరకవు. రిఫండ్ అడిగేటప్పుడు ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా, ప్రకటనలో ఇస్తామన్నది ఏమిటో, ఇచ్చింది ఏమిటో పక్కపక్కన పెట్టి అడగండి. మీ రికార్డింగ్‌లు తొలగించమని, ప్రచారానికి వాడుకోవద్దని కూడా అదే ఉత్తరంలో రాయండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో ఫిర్యాదుకు గడువు ఉంటుంది, వాళ్ళ జవాబు కోసం ఎదురుచూస్తూ దాన్ని దాటనివ్వకండి.