మానసిక ఆరోగ్య సర్వేకు గూగుల్ ఫామ్స్: 5కి 3 మార్కులు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక, ఓపీ వరండాలో పేషెంటు పక్కన కూర్చుని ప్రశ్నలు అడిగి రాసుకునే పద్ధతి ఒక్కసారిగా ఆగిపోయింది. గుంటూరు, విజయవాడల్లో థీసిస్ చేసేవాళ్లకు అప్పుడు తేలిగ్గా చేతికందింది, ప్రశ్నలు పెట్టి లింకు పంపితే ఫోన్‌లోనే నింపే గూగుల్ ఫామ్స్. పైసా ఖర్చు లేదు, తెలుగు చక్కగా పడుతుంది, జవాబులు నేరుగా గూగుల్ షీట్ అనే పట్టికలోకి చేరతాయి. ఇలాంటిదే అయిన సర్వేమంకీ ఉచిత ఖాతాలో సర్వేకు 10 ప్రశ్నలే. కుంగుబాటు కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 విడివిడిగా పెట్టేసరికే కోటా దాదాపు అయిపోతుంది, ఆందోళన కొలిచే జీఏడీ-7కి చోటుండదు. పోటీలో ఫామ్స్‌దే పైచేయి. కానీ ఇల్లలకగానే పండగ కాదు.

మొదటి దెబ్బ గ్రిడ్ దగ్గర. కాగితం మీద పీహెచ్‌క్యూ పట్టికలా ఉంటుంది కాబట్టి ఇక్కడా 'మల్టిపుల్ చాయిస్ గ్రిడ్' ఎంచుకుంటారు. కంప్యూటర్‌లో బాగానే ఉంటుంది. ఫోన్‌లో మాత్రం 'సగానికి పైగా రోజులు' లాంటి పొడుగు మాటల వల్ల చివరి గడి తెర దాటి పక్కకు పోతుంది. 'దాదాపు ప్రతిరోజూ' అనే ఆ గడికే 3 మార్కులు. అది కనబడనివాళ్లు 2 నొక్కేస్తారు, స్కోరు కిందికి జారుతుంది. 27కి 10 వస్తేనే మధ్యస్థ కుంగుబాటు కింద లెక్క కాబట్టి ఆ ఒకటి రెండు మార్కులకే ఫలితం తారుమారవుతుంది. ప్రతి ప్రశ్ననూ విడిగా, ఆప్షన్లు నిలువుగా పెట్టండి. ఆప్షన్ ముందు 0, 1, 2, 3 అంకె వేస్తే షీట్‌లో కూడటం తేలిక. లింకు పంపాక ఆప్షన్‌లో ఒక్క అక్షరం దిద్దినా పాత జవాబులు పాత మాటతోనే మిగిలిపోతాయి.

ఒకరు ఒక్కసారే నింపేలా 'లిమిట్ టు వన్ రెస్పాన్స్' ఆన్ చేస్తే జీమెయిల్‌తో లాగిన్ అవ్వాల్సిందే. ఇంటికి ఒకే స్మార్ట్‌ఫోన్ ఉన్నచోట భర్త నింపాక అదే ఖాతాతో భార్య నింపలేదు. పైగా ఫామ్ పైన సొంత మెయిల్ కనబడగానే 'మన పేరు తెలిసిపోతుందేమో' అని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆఫ్‌లో ఉంచి, ఒకే వయసు శ్రేణి, ఒకే జిల్లా, నిమిషాల తేడాతో వచ్చిన వరుసలను తర్వాత ఏరుకోవడమే మేలు. మధ్యలో మానేసినవాళ్లు ఎందరో ఫామ్స్ చెప్పదు. ఒక మార్కు కోత దానికి.

రెండో మార్కు కోత 9వ ప్రశ్నకు. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి అడిగే ప్రశ్న అది. రాత్రి 2 గంటలకు విజయవాడ కృష్ణలంకలో ఎవరో 'దాదాపు ప్రతిరోజూ' నొక్కితే, ఆ జవాబు షీట్‌లో ఒక వరుసగా పడి ఉంటుంది. పేరు లేదు, నంబరు లేదు. వారం తర్వాత షీట్ తెరిచిన పరిశోధకుడు ఏం చేయగలడు? పేరు అడగని సర్వేకు ఆ ప్రశ్న తీసేసిన పీహెచ్‌క్యూ-8 వాడటమే సరి, 10 అనే గీత దానికీ వర్తిస్తుంది. 9వ ప్రశ్న తప్పదనుకుంటే సమ్మతితో ఫోన్ నంబరు తీసుకోవాలి. రోజూ షీట్ చూసేదెవరో, అదే రోజు మాట్లాడే సైకియాట్రిస్టు ఎవరో రాసి, పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి ముందే చూపాలి. ఫామ్‌లో ఆ ప్రశ్నను ఒంటరిగా ఒక సెక్షన్‌లో పెట్టి, 0 కాక ఏది నొక్కినా సాయం పేజీ తెరుచుకునేలా 'గో టు సెక్షన్ బేస్డ్ ఆన్ ఆన్సర్' వాడండి. మొత్తం స్కోరును బట్టి దారి మళ్లించడం దీనికి చేతకాదు. సాయం నంబరు మొదటి పేజీలోనూ ఉండాలి, మధ్యలో మానేసినవాళ్లకు చివరి పేజీ కనబడదు కదా. 24 గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 మొదలైంది 2022 అక్టోబరులో. కరోనా నాటి ఫామ్‌లు కాపీ కొట్టేవాళ్లు అందులోని పాత నంబర్లు మార్చాలి.

నిద్ర, నీరసం, ఆకలి ప్రశ్నలు కరోనా సోకినవాళ్లలో జబ్బు వల్లే పెరగొచ్చు. రుచి పోతే ఆకలి చస్తుంది, అది కుంగుబాటు కానక్కర్లేదు. 'గత నెలలో కోవిడ్ వచ్చిందా' అని విడిగా అడగండి. పీహెచ్‌క్యూ అడిగేది గత 2 వారాల సంగతి. అప్పట్లో లింకు రెండు నెలలు తెరిచి ఉంచితే లాక్‌డౌన్ రోజులూ సడలింపు రోజులూ కలగలిసిపోయేవి. 10 రోజుల్లో మూసేయండి.

వాట్సాప్‌లో తిప్పిన లింకుకు జవాబులు గుంటూరు బ్రాడీపేట, విజయవాడ బెంజ్ సర్కిల్ అపార్ట్‌మెంట్ గ్రూపుల నుంచే ఎక్కువ వస్తాయి. మిర్చి యార్డు హమాలీ, ఆటోనగర్ మెకానిక్ ఆ గ్రూపుల్లో ఉండరు. లింకు ఎందరు చూశారో తెలియదు కాబట్టి స్పందన శాతమూ రాదు. 'గుంటూరులో ఇంత శాతం మందికి కుంగుబాటు' అని రాస్తే ఆ పేపరు నిలవదు. హమాలీలను ఫోన్ చేసి అడగాలి, అదీ ముందుగా 'పక్కన ఎవరైనా ఉన్నారా' అని కనుక్కుని.

షీట్ సంగతి మరవకండి. గైడ్‌కి చూపించడానికి 'ఎనీవన్ విత్ ద లింక్' పెట్టి వాట్సాప్‌లో పంపితే, అది ఎవరికి ఫార్వర్డ్ అయినా తెరుచుకుంటుంది. పేరు లేకపోయినా 34 ఏళ్లు, స్టాఫ్ నర్సు, ఫలానా పిన్‌కోడ్ అని ఉంటే ఆ ఆసుపత్రిలో అందరికీ ఆమె ఎవరో తెలుస్తుంది. వయసుకు 30–39 లాంటి శ్రేణులు పెట్టండి, పిన్‌కోడ్ బదులు జిల్లా చాలు. నింపినవాళ్లకు అందరి జవాబుల సారాంశం చూపే 'వ్యూ రిజల్ట్స్ సమ్మరీ' ఆఫ్‌లోనే ఉందో లేదో లింకు పంపే ముందు ఒకసారి చూసుకోండి.