జాగ్రత్త: ‘ఇల్యూమినే’ కొనేముందు ఆ స్టార్లు దేనికిచ్చారో చూసుకోండి

ఇంట్లో పిల్లలు అడిగారని ‘ఇల్యూమినే’ అనే ఇంగ్లీషు నవల ఆన్‌లైన్‌లో కొనబోతున్నవాళ్లు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. నాలుగున్నర స్టార్లు, వందల రివ్యూలు చూసి రూ.249 పెట్టి కొన్నాను. వచ్చింది డూప్లికేట్. డబ్బు చివరికి వెనక్కొచ్చింది గానీ, అందుకు దాదాపు నెల రోజులు తిప్పలు పడ్డాను. ఇంకో బాధ ఏమిటంటే, లోపం కాపీలో ఉందని తెలియక మేం నవలనే తిట్టుకున్నాం. మాలాగే తిట్టుకున్నవాళ్లు ఆ రివ్యూల్లో చాలామంది ఉన్నారని తర్వాతే అర్థమైంది.

మా మేనకోడలు కరీంనగర్‌లో ఉంటుంది. పదో తరగతి పరీక్షలయ్యాక ఏం కావాలమ్మా అంటే, ఎక్కడ ఫోన్ అడుగుతుందోనని భయపడుతున్న మాకు ఈ పుస్తకం పేరు చెప్పింది. అమ్మయ్య అనుకుని ఆ రాత్రే ఆర్డర్ పెట్టాను. హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. పుట్టినరోజుకి ఇద్దామని ప్యాకెట్ విప్పకుండా అలాగే అల్మారాలో పెట్టేశాను. నేను చేసిన మొదటి తప్పు ఇదే.

ఈ నవల ఎలాంటిదో కొంచెం చెప్పాలి, లేకపోతే మోసం ఎక్కడ జరిగిందో తెలియదు. 2015 అక్టోబరులో వచ్చిన పుస్తకం. రాసింది ఆస్ట్రేలియాకు చెందిన అమీ కౌఫ్‌మన్, జే క్రిస్టాఫ్. దాదాపు 600 పేజీలు. కథ 2575లో జరుగుతుంది. కెరెంజా అనే మంచు గ్రహం మీద ఒక కంపెనీ దొంగచాటుగా గనులు తవ్వుకుంటూ ఉంటే, పోటీ కంపెనీ వచ్చి దాడి చేస్తుంది. అదే రోజు పొద్దున కేడీ అనే అమ్మాయి ఎజ్రా అనే అబ్బాయితో తెగతెంపులు చేసుకుంది. ఊరు తగలబడుతుంటే పారిపోయి ఇద్దరూ చెరో అంతరిక్ష ఓడ ఎక్కుతారు. వెనక శత్రువుల యుద్ధనౌక తరుముకొస్తుంటుంది, ఓడలో ఒక జబ్బు అంటుకుంటుంది. ఇది చాలదన్నట్టు పెద్ద ఓడను నడిపించే ఎయిడాన్ అనే కృత్రిమ మేధ ఆ దాడిలో దెబ్బతిని, ఎవరిని బతకనివ్వాలో ఎవరిని చంపాలో తనే తేల్చేయడం మొదలుపెడుతుంది.

అయితే ఇదంతా మామూలు నవలలా వరసగా చెప్పరు. పుస్తకం మొత్తం ఒక ఫైలు. చాటింగులు, ఇంటరాగేషన్ రికార్డులు, ఈమెయిళ్లు, కెమెరా ఫుటేజీ చూసి ఎవరో రాసిన నోట్సు, ఓడల బొమ్మలు. యుద్ధం జరిగే చోట వాక్యాలు వరసలో ఉండవు. విమానం తిరిగిన దారిలోనే అక్షరాలు వంకర్లు పోతూ పేజీ మీద ఎగురుతుంటాయి. ఎయిడాన్ ఆలోచించే పేజీలు నల్లగా ఉంటాయి, వాటి మీద తెల్ల అక్షరాలు. కొన్ని పేజీల్లో రెండు మూడు మాటలే. అంటే ఇక్కడ ముద్రణ కూడా కథలో భాగమే. మామూలు నవల నకలు కొంటే కళ్లు నొప్పి పుడతాయి, అంతే. దీని నకలు కొంటే కథే పోతుంది.

పుట్టినరోజుకి ఇచ్చిన మూడో రోజు ఫోన్ చేసింది. “మామయ్యా, కథ బాగానే ఉన్నట్టుంది గానీ నాకేం అర్థం కావట్లేదు. నాకే ఇంగ్లీషు రావట్లేదేమో” అంది. ఆ చివరి మాట నన్ను ఇప్పటికీ పొడుస్తోంది. ఇంగ్లీషు మీడియంలో చదివి తొంభై మార్కులు తెచ్చుకున్న పిల్ల తనకే రాదనుకుంది. ఆ కోపంతో ఏదో చదువరుల యాప్‌లో నవలకు ఒక్క స్టారు ఇచ్చేసింది కూడా.

ఆదివారం వెళ్లి పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. అట్ట మెరుస్తోంది, తప్పు పట్టడానికి లేదు. లోపల తెరిస్తే జిరాక్స్ వాసన. నల్ల పేజీలు బూడిద రంగులో ఉన్నాయి, వాటి మీది తెల్ల అక్షరాల్లోకి సిరా పాకి సగం మాటలు పూడిపోయాయి. వంకర్లు తిరిగే వాక్యాలన్నీ బైండింగులోకి దూరిపోయాయి, పుస్తకాన్ని ఎంత విరిచినా కనబడవు. ఓడల బొమ్మల్లో చిన్న అక్షరాలు మసిబొట్లలా ఉన్నాయి. మధ్యలో ఒక ఫారం, అంటే 16 పేజీలు, అసలే లేవు. దాని బదులు ముందు ఫారమే రెండోసారి కుట్టేశారు. పిల్ల అది కూడా ఏదో ప్రయోగం అనుకుని రెండుసార్లూ శ్రద్ధగా చదివిందట!

నేనూ తక్కువ తినలేదు. డైలాగుల్లో చాలా చోట్ల మాటల మీద నల్లటి గీతలున్నాయి. అవి ముద్రణ మరకలనుకుని ఫోటోలు తీసి, అదే పెద్ద సాక్ష్యం అన్నట్టు ఫిర్యాదులో మొదట పెట్టాను. తర్వాత హైదరాబాద్‌లో ఒక పుస్తకాల షాపుకి వెళ్లి అసలు కాపీ తెరిపించి చూస్తే అందులోనూ ఉన్నాయి. బూతు మాటలు కొట్టేసినట్టు రచయితలే అలా పెట్టారట. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. అసలు కాపీ వచ్చినా గీతలు చూసి వాపసు పంపేవాళ్లు ఉంటారని తనే చెప్పింది. కాబట్టి మీ కాపీలో తిట్ల మీద నల్ల పట్టీలుంటే కంగారు పడకండి, అవి ఉండాల్సినవే.

ఇక రివ్యూల దగ్గరికి వస్తాను, అసలు హెచ్చరిక దీని గురించే. ఇంటికొచ్చి అవన్నీ మళ్లీ ఓపిగ్గా చదివాను. మొదటిసారి స్టార్లు చూశాను, రెండోసారి మాటలు చూశాను. అక్కడ గట్టి అట్ట, మెత్తటి అట్ట, ఈబుక్, ఆడియో అన్నిటి రివ్యూలూ ఒకే కుప్పగా పోసి ఉన్నాయి. ఏ సెల్లర్ దగ్గర కొన్నా రివ్యూ ఆ కుప్పలోకే చేరుతుంది. ఎవరో ఎక్కడో అసలు కాపీ చదివి మురిసిపోయి ఇచ్చిన అయిదు స్టార్లు నాకు నకలు అమ్మినవాడి సరుకు పైన మెరుస్తున్నాయి. వాడి సొంత రేటింగు వేరే చోట ఉంటుంది, సెల్లర్ పేరు మీద నొక్కితే కనబడుతుంది. నొక్కి చూస్తే వాడు ఫోన్ కవర్లు, చెప్పులు, దోమతెరలు కూడా అమ్ముతున్నాడు. కొనే ముందే నొక్కి ఉంటే ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు.

తిట్లలో కూడా తేడా ఉంది. ఈ నవల నచ్చనివాళ్లు నిజంగానే ఉన్నారు. ఈ బొమ్మలూ వంకర్లూ అన్నీ గిమ్మిక్కు, తీసేస్తే లోపల మామూలు కథే అంటారు. మొదటి వంద పేజీలు ఎవరు ఎవరో తెలియక తల తిరిగింది అనేవాళ్లున్నారు. చావు తరుముకొస్తుంటే ఈ ప్రేమ మెసేజీలేంటి అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. మెచ్చుకునేవాళ్లలో చాలామంది కేడీని, ఎజ్రాని వదిలేసి ఎయిడాన్ గురించే రాస్తారు. మనుషుల్ని చంపే యంత్రం మీద జాలి కలిగిందేంట్రా బాబూ అని వాళ్లకే ఆశ్చర్యం. ఇవి చదివినవాళ్లు రాసినవి. వీటితో మీరు ఒప్పుకోకపోయినా, కొనాలా వద్దా తేల్చుకోవడానికి పనికొస్తాయి.

అక్షరాలు కనబడలేదు, పేజీలు తిరగబడ్డాయి, కథ తెగిపోయింది, నల్ల పేజీలు ఎందుకో తెలియలేదు అని ఉన్నవి మాత్రం నవల మీద రివ్యూలు కావు. అవి మోసపోయినవాళ్ల మొరలు, వాళ్లకే ఆ సంగతి తెలియదు. పాపం రచయితలకు ఒక్క స్టారు పడుతుంది, నకలు వేసేవాడు ఇంకో కట్ట అచ్చేసుకుంటాడు. ఇక డెలివరీ అయిన పూటే ‘గుడ్ ప్రోడక్ట్, నైస్ ప్యాకింగ్’ అని అయిదు స్టార్లు పెట్టేవాళ్లున్నారు చూడండి, 600 పేజీలు పది నిమిషాల్లో ఎవరు చదివారో నాకైతే తెలియదు. సెల్లర్లు కొనుగోలుదారుల వేషంలో తమ సరుకు మీద తామే రివ్యూలు రాసుకోకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం కూడా తెచ్చారు, కాకపోతే పాటించడం ఆ వెబ్‌సైట్ల ఇష్టం. అందుకని మన జాగ్రత్తలో మనం ఉండాలి. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, ఫోటోలున్నవి చూడండి. ఈ పుస్తకానికైతే లోపలి నల్ల పేజీ ఫోటో ఒక్కటి దొరికితే చాలు, అసలో నకలో ఇట్టే తెలిసిపోతుంది.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం వెనక ఉండే గుర్తింపు నంబరు, చూసుకుంటే సరిపోతుందని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. నాకొచ్చిన దాని వెనక 978తో మొదలయ్యే పదమూడంకెల నంబరు భేషుగ్గా ఉంది, లెక్క కూడా సరిపోయింది. ఎందుకు సరిపోదు, అట్టను ఉన్నదున్నట్టు స్కాన్ చేసినప్పుడు నంబరూ వస్తుంది కదా. దాన్ని నమ్ముకోకండి. ధర కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. మన దేశంలో మాత్రమే అమ్మడానికి తక్కువ ధరకు వేసే అసలు ఎడిషన్లు ఉంటాయి. కిలోల లెక్కన అమ్మేచోటా, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదా వంద రూపాయలకే అసలైన పాత పుస్తకం దొరుకుతుంది, నా దగ్గర అలాంటివి అర బీరువా ఉన్నాయి. కాకపోతే అక్కడ పుస్తకం తెరిచి చూసి కొంటాం. కొత్తది, సీలు వేసింది, అందరికంటే సగం ధరకే అంటేనే అనుమానించాలి. దీని తర్వాతి భాగాలు 2016లో ‘జెమినా’, 2018లో ‘ఆబ్సిడియో’ వచ్చాయి. నాకు దొరికిన సెల్లరే మూడూ కలిపి రూ.599కి సెట్ పెట్టాడు. జెమినాలో కథలోని అమ్మాయి గీసుకున్న బొమ్మల పేజీలుంటాయి, మేరీ లూ గీసినవి. జిరాక్స్‌లో వాటి గతేంటో ఊహించుకోండి.

చిన్న తెర ఉన్న ఈబుక్ రీడర్‌లో కూడా ఇది చదవడం కష్టమే, ట్యాబ్ ఉంటే నయం. ఆడియోలో చాలామంది గొంతులతో నాటకంలా చేశారు, అది బాగుందని విన్నవాళ్లు చెప్తారు.

డబ్బు ఎలా వచ్చిందంటే, మొదట రిటర్న్ గడువు అయిపోయిందన్నారు. నిజమే, పుస్తకం అల్మారాలో నిద్రపోయింది మరి. కానుక ఇవ్వాల్సిందైనా సరే, వచ్చిన రోజే ప్యాకెట్ విప్పుతూ వీడియో తీసుకోండి, తర్వాత మళ్లీ రంగు కాగితం చుట్టుకోవచ్చు. కారణం అడిగిన చోట ‘నచ్చలేదు’ అని గానీ ‘డ్యామేజ్’ అని గానీ నొక్కకండి. నకిలీ అనే నొక్కండి, లేకపోతే రాయండి. నేను ముందు డ్యామేజ్ అని పెట్టాను, ఇంకో కాపీ పంపిస్తామన్నారు. అదే సెల్లర్ దగ్గర్నుంచి ఇంకో జిరాక్స్ నాకెందుకు? చాట్‌లో ముగ్గురితో మొత్తుకున్నాక కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) ఈమెయిల్ వెతికి పట్టుకుని, షాపులో అడిగి తీసుకున్న అసలు పేజీల ఫోటోలు, నా పేజీల ఫోటోలు పక్కపక్కన పెట్టి పంపాను. 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి అని ఆ 2020 నిబంధనల్లోనే ఉంది. ఆ ముక్క కూడా రాశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి అక్కడా నమోదు చేశాను, తెలుగులోనే మాట్లాడొచ్చు. అప్పటికి కదిలారు. వాలెట్‌లో వేస్తామంటే ఒప్పుకోలేదు, బ్యాంకు ఖాతాలోనే వేయించుకున్నాను. పుస్తకాన్ని డెలివరీ అబ్బాయికి అప్పగించే ముందు ప్రతి లోపాన్నీ ఫోటో తీసి పెట్టుకున్నాను, ఎందుకంటే అది ఇచ్చేశాక మన చేతిలో ఏమీ ఉండదు.

రూ.249కి ఇంత గొడవా అని మా బావగారు నవ్వారు. తెలిసి తెలిసి ఇలా నకళ్లు వేసి అమ్మితే 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా. అంటే చట్టం దీన్ని చిన్న విషయం అనుకోవట్లేదు. పైగా పిల్ల తనకి ఇంగ్లీషు రాదనుకుందే, దాని లెక్క ఎందులో రాయాలి?

షాపులో అసలు కాపీ కొని మళ్లీ కరీంనగర్ పంపించాను. వారం తిరక్కుండా పూర్తి చేసి, యాప్‌లో ఆ ఒక్క స్టారు తీసేసింది. కొత్తగా ఎన్ని ఇచ్చిందని అడిగితే నాలుగంది. ఒకటెందుకు తగ్గించావమ్మా అంటే, ఎజ్రా జోకులు బాగాలేవట.

నిన్న రాత్రి కుతూహలం కొద్దీ మళ్లీ వెతికాను. ఆ సెల్లర్ పేరు లేదు. వేరే పేరుతో ఇంకొకడున్నాడు. అట్ట ఫోటో అదే, మూలన వేలు నీడ పడిన అదే ఫోటో. పైన అవే నాలుగున్నర స్టార్లు. ఈసారి ధర రూ.229.